లెక్క మాడ్యూల్ డైరీ: ఊడ్చే పని ఎంతసేపు చేయాలి

మొదటి రోజు

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, పిల్లోళ్లు ఊరికే వచ్చి అడుగుతాండారు. నెట్టు స్పీడుగానే ఉందంట, కానీ ఆటలాడేటప్పుడు గబుక్కున ఆగి మళ్లీ వస్తాదంట. యాల ఇట్లయితాంది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ డైరీ మొదలుపెడుతున్నా.

మా అక్క, బావ అనంతపురంలో బాయ్స్ హాస్టల్ నడుపుతారు. 60 గదులు, గదికి ముగ్గురు. ఒకటే ఫైబర్ లైన్. మెట్ల కింద గదిలో పాత ఐ5 డెస్క్‌టాప్ ఒకటి రౌటర్‌గా పనిచేస్తోంది. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, రెండు పోర్టుల ఇంటెల్ కార్డు, డెబియన్ లినక్స్, దాని మీద నేనే కంపైల్ చేసుకున్న 6.6 కర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం). ఏ గది ఎంత వాడుతోందో తెలియాలని బావ అడిగితే ఆర్నెల్ల కింద ఒక కర్నెల్ మాడ్యూల్ (కర్నెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం) రాశాను. దాని పేరు లెక్క.

కర్నెల్‌లో కనెక్షన్ల చిట్టా పెట్టుకునే కాన్‌ట్రాక్ అనే భాగం కూడా, ఆప్షన్ ఆన్ చేస్తే, బైట్లు లెక్కపెడుతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. పెడుతుంది. కానీ కనెక్షన్ పోయిన వెంటనే ఆ అంకె కూడా పోతుంది. పోకముందే యూజర్ స్పేస్‌లో, అంటే కర్నెల్ బయట, ఎవరో ఒకరు కాచుకుని కూర్చుని రాసుకోవాలి. నాకు ఆ అంకె కర్నెల్‌లోనే గది ఖాతాలో పడాలి. అందుకే సొంతంగా రాసుకున్నా.

లెక్క పని తీరు ఇది. నెట్‌ఫిల్టర్ హుక్ (ప్యాకెట్లు పోయే దారిలో కర్నెల్ ఇచ్చే చెక్‌పోస్టు) దగ్గర ప్రతి ప్యాకెట్‌నూ చూసి, అది ఏ కనెక్షన్‌దో ఒక హ్యాష్ టేబుల్‌లో వెతికి, అక్కడ బైట్లు కలుపుతుంది. టేబుల్‌కు 65,536 బకెట్లు, అంటే ఎంట్రీలు పెట్టే అరలు. ఐదు నిమిషాలు ఒక్క ప్యాకెట్ కూడా రాని ఎంట్రీని తీసేసి, దాని బైట్లను గది ఖాతాకు చేర్చాలి. ఈ ఊడ్చే పనిని 30 సెకన్లకొకసారి కర్నెల్ టైమర్ చేస్తుంది. రాత్రి తొమ్మిదికి, పిల్లలంతా గదుల్లో ఉన్నప్పుడు, ఎంట్రీలు 90,000 దాకా చేరతాయి.

హాస్టల్‌కు వెళ్లి, ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ తీసుకుని రౌటర్‌కు పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబుకు పట్టే సమయం కొలవడం) పెట్టా. పది నిమిషాలు చూశా. 0.4, 0.4, 0.5 మిల్లీసెకన్లు. ఎక్కడా తేడా లేదు. "అన్నా, ఉందన్నా, నిజంగా ఆగుతాంది" అన్నాడు ఆ కుర్రాడు. వాడి మాట నమ్మి, సెకనుకొక పింగ్ కాకుండా పది మిల్లీసెకన్లకొకటి పంపించా. అప్పుడు దొరికింది:

0.4, 0.4, 37.8, 27.9, 17.8, 7.9, 0.4, 0.4.

మళ్లీ సరిగ్గా 30 సెకన్లకు అదే వరుస. 38, 28, 18, 8. మెట్లు దిగినట్టు. ఆ నాలుగు పింగ్‌లూ వేరువేరు సమయాల్లో బయల్దేరాయి, కానీ జవాబు మాత్రం నాలుగింటికీ ఒక్కసారే వచ్చింది. అంటే రౌటర్ 38 మిల్లీసెకన్ల పాటు ఎవరికీ పలక్కుండా ఉండి, లేచిన వెంటనే గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లందరినీ ఒకేసారి లోపలికి పంపింది. సెకనుకొక పింగ్ పంపితే ఆ 38 మిల్లీసెకన్ల సందులో పడే అవకాశమే తక్కువ. అందుకే పది నిమిషాలు నాకేమీ కనపడలేదు.

30 సెకన్లు అంటే నా టైమరే. తప్పు నా మాడ్యూల్‌దే.

రెండో రోజు

టైమర్ కాల్‌బ్యాక్ (గడువు రాగానే కర్నెల్ పిలిచే నా ఫంక్షన్) నడిచేది సాఫ్ట్ ఐఆర్‌క్యూలో, అంటే మామూలు ప్రోగ్రాంలను పక్కనపెట్టి కర్నెల్ చేసే తొందర పనుల వరుసలో. కార్డు నుంచి ప్యాకెట్లు తీసుకుని పైకి పంపే పని కూడా సాఫ్ట్ ఐఆర్‌క్యూలోనే. ఒక సీపీయూ (అంటే ఒక కోర్) మీద ఒకటి నడుస్తుంటే రెండోది కాచుకోవాల్సిందే.

ప్యాకెట్ల పనికి కర్నెల్ చాలా కట్టుబాట్లు పెట్టింది. ఒక విడతలో మొత్తం 300 ప్యాకెట్లు, ఒక్కో కార్డు క్యూ నుంచి 64 చొప్పున. సాఫ్ట్ ఐఆర్‌క్యూ లూప్ మొత్తానికి రెండు మిల్లీసెకన్లు లేదా పది రౌండ్లు, అది దాటితే మిగిలింది కేసాఫ్ట్ఐఆర్‌క్యూడీ అనే థ్రెడ్‌కు అప్పగింత. ఇవన్నీ చదివి, ఇన్ని హద్దులుండగా నా 38 మిల్లీసెకన్లు ఎట్లా జరిగిపోయాయా అని చాలాసేపు ఆలోచించా. ఆ హద్దుల్ని చూసేది ఒక పని ముగిసి ఇంకొకటి మొదలయ్యే మధ్యలో. నా కాల్‌బ్యాక్ లోపలికి వెళ్లాక, అది బయటికి వచ్చేదాకా గడియారం చూసేవాళ్లే లేరు. ప్యాకెట్లు తీసుకునే కోడ్ తనంతట తాను లెక్క చూసుకుని తిరిగొస్తుంది. నా కోడ్ రాలేదు, అంతే.

కాబట్టి ఊడ్చే పనిని సాఫ్ట్ ఐఆర్‌క్యూ నుంచి తీసి వర్క్‌క్యూకు మార్చాలి. వర్క్‌క్యూ అంటే మామూలు కర్నెల్ థ్రెడ్, షెడ్యూలర్ మాట వింటుంది, కావాలంటే నిద్రపోగలదు. ఒకప్పుడు ప్రతి వర్క్‌క్యూకూ సీపీయూకొకటి చొప్పున సొంత థ్రెడ్లు ఉండేవి. 2010లో 2.6.36లో తేజున్ హో మొత్తం తిరగరాశాక, ఒక్కో సీపీయూకు ఉమ్మడిగా వర్కర్ల గుంపు ఉంటుంది. ఆ గుంపులో ఒక సమయంలో ఒకరే పనిచేస్తారు, ఆ ఒకరు నిద్రపోతే ఇంకొకరు లేస్తారు. చాలా పొదుపైన ఏర్పాటు. కానీ నిద్రపోకుండా గంటలకొద్దీ లెక్కలు వేసే పని అందులో పడితే, వెనక ఉన్న పనులన్నీ ఆగిపోతాయి.

కర్నెల్‌లో సిస్టమ్_లాంగ్_డబ్ల్యూక్యూ అని ఒకటి సిద్ధంగా ఉంది. పేరు చూసి నా పనికి సరిపోతుందనుకుని అందులోకి మార్చా. మార్చాక దాని కోడ్ చదివా, ముందే చదవాల్సింది. అది కూడా అదే ఉమ్మడి గుంపు మీద నడుస్తుంది. వేరే థ్రెడ్లు లేవు, వేరే సీపీయూ లేదు. తేడా ఒకటే, మామూలు సిస్టమ్ క్యూను ఎవరైనా ఫ్లష్ చేస్తే (అందులోని పనులన్నీ ముగిసేదాకా కాచుకుంటే), ఆలస్యమయ్యే పనుల కోసం వాళ్లు కాచుకోవాల్సిన అవసరం ఉండదు.

రాత్రి తొమ్మిదికి మళ్లీ పింగ్ పెట్టాం. 38, 28, 18, 8. అవే మెట్లు.

నాలుగో రోజు

నిన్న పని ఒత్తిడిలో ఏమీ చేయలేకపోయా. ఇవాళ డీమెసేజ్ (కర్నెల్ రాసే లాగ్) చూస్తే కర్నెల్ నాతో నేరుగా మాట్లాడింది. నా ఫంక్షన్ పేరు రాసి, సీపీయూను 10,000 మైక్రోసెకన్లకు పైగా పట్టుకుని కూర్చుంది, ఇప్పటికి నాలుగుసార్లు, అన్‌బౌండ్‌కు మార్చడం గురించి ఆలోచించు, అని. 6.5 నుంచి ఈ నిఘా ఉంది. ప్రతి టిక్కుకూ (కర్నెల్ గడియారం కొట్టినప్పుడల్లా) వర్కర్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూసి, పది మిల్లీసెకన్లు దాటితే దాన్ని సీపీయూ తినే పనిగా గుర్తించి, వెనకున్న పనుల కోసం ఇంకో వర్కర్‌ను లేపుతుంది. కంపైల్ చేసేటప్పుడు రిపోర్టు ఆప్షన్ ఆన్‌లో పెట్టుకున్నందుకు ఈ వాక్యం కనపడింది.

సలహా ఇచ్చింది కర్నెలే కదా అని అన్‌బౌండ్ వర్క్‌క్యూ సొంతంగా పెట్టుకున్నా. అన్‌బౌండ్ అంటే ఏ సీపీయూకూ కట్టుబడని వర్కర్లు. షెడ్యూలర్ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నడిపిస్తుంది.

మెసేజ్ పోయింది. మెట్లు పోలేదు.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తట్టింది. ఈ నిఘా చూసేది ఉమ్మడి గుంపులో పనిచేసేవాళ్లనే. అన్‌బౌండ్‌కు వెళ్లిన వర్కర్ ఆ లెక్కలోకే రాదు. నేను ఫిర్యాదు చేసేవాడిని పక్కకు పంపాను, ఫిర్యాదు అట్లే ఉంది.

అసలు ముడి వేరే చోట ఉంది. టేబుల్ మొత్తానికి ఒకటే స్పిన్‌లాక్, అంటే ఒకరి దగ్గర ఉంటే మిగతావాళ్లు నిద్రపోకుండా తిరుగుతూ కాచుకోవాల్సిన తాళం. ఊడ్చే పని మొదట్లో స్పిన్_లాక్_బీహెచ్ తీసుకుని, 65,536 బకెట్లూ చూశాక వదులుతుంది. ఆ బీహెచ్ వల్ల ఊడ్చే సీపీయూ మీద సాఫ్ట్ ఐఆర్‌క్యూలు బంద్. మిగతా మూడు సీపీయూల మీద ప్యాకెట్ వచ్చి నా హుక్‌లోకి దిగితే, అదే లాక్ కోసం గుండ్రంగా తిరుగుతూ నిలబడుతుంది. పని ఏ సీపీయూ మీద నడుస్తోందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. నాలుగు రోజులుగా ఊడ్చే పనిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని చూస్తున్నా. తలుపుకు గొళ్లెం పెట్టి ఎంతసేపు ఊడుస్తోందో చూడలేదు.

ఐదో రోజు

లూప్ మధ్యలో కాండ్_రీషెడ్ (అవసరమైతే షెడ్యూలర్‌కు చోటిచ్చే పిలుపు) పెట్టి చూశా. స్పిన్‌లాక్ పట్టుకుని షెడ్యూలర్‌కు చోటివ్వకూడదని తెలిసీ చేసిన తొందరపాటు. టెస్ట్ మెషిన్‌లో "స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ ఇన్‌వాలిడ్ కాంటెక్స్ట్" అని పేజీలకు పేజీలు పడింది. తీసేశా.

ఎనిమిదో రోజు

ఆదివారం. పొద్దున హాస్టల్‌లోనే ఉగ్గాని, బజ్జి తిన్నాం. మెస్‌లో బల్లలు తుడిచే పెద్దామెను ఎన్నోసార్లు చూశా, ఇవాళ కొంచెం ఎక్కువసేపు చూశా.

మెస్‌లో పన్నెండు బల్లలు. పిల్లలు ఒక గుంపు లేస్తుంటే ఇంకో గుంపు వచ్చి కూర్చుంటుంది. ఆమె ఎవరినీ ఆపదు. ఒక బల్ల ఖాళీ అయితే ప్లేట్లు తీసి, తుడిచి, పక్క బల్లకు పోతుంది. మధ్యలో వంటింట్లోంచి పిలిస్తే తడిగుడ్డను ఎక్కడ ఆగిందో ఆ బల్ల మూల మీద పెట్టి వెళ్లింది. తిరిగొచ్చాక మొదటి బల్ల వైపు చూడను కూడా లేదు. నేరుగా గుడ్డ ఉన్న చోటికి వచ్చి, అక్కడి నుంచి మొదలుపెట్టింది.

కర్నెల్‌లో కూడా ఇట్లా చేసే కోడ్ ఉందని తెలుసు. కాన్‌ట్రాక్‌లో 2016 దాకా ప్రతి కనెక్షన్‌కూ ఒక్కో టైమర్ ఉండేది. ఫ్లోరియన్ వెస్ట్‌ఫాల్ వాటన్నిటినీ తీసేసి, టేబుల్ మీద తిరిగే జీసీ_వర్కర్ అనే ఒక్క పనిని పెట్టాడు, అది 4.9లో వచ్చింది. 6.6లో ఉన్న రూపం ఇంటికొచ్చి మళ్లీ చదివా. బకెట్‌కు బకెట్‌కు మధ్య షెడ్యూలర్‌కు చోటిస్తుంది. పది మిల్లీసెకన్లు దాటితే ఆగిన బకెట్ నంబరు రాసుకుని బయటికొచ్చి, మళ్లీ క్యూలో చేరుతుంది. తర్వాతి విడత ఆ నంబరు నుంచే. గుడ్డ పెట్టి వెళ్లడమే అది.

నేనూ అట్లే రాశా. ఒక విడతకు రెండు మిల్లీసెకన్లు. అయిపోతే ఆగిన బకెట్ నంబరు దాచుకోవాలి. ఆ వేరియబుల్‌కు గుడ్డ అనే పేరు పెట్టా. ఆరు నెలల తర్వాత కోడ్ తెరిచినా అది దేనికో వెంటనే గుర్తొస్తుంది.

ట్రేస్‌లో (కర్నెల్ లోపల జరిగేవాటి రికార్డులో) వర్క్ మొదలైన క్షణం, ముగిసిన క్షణం రెండూ పట్టి చూస్తే, విడతలు రెండు మిల్లీసెకన్లు లేవు. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్నాయి. కారణం జిఫీలు. నా కర్నెల్‌లో హెచ్‌జెడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 250, అంటే టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎడం, ఒక జిఫీ, నాలుగు మిల్లీసెకన్లు. రెండు మిల్లీసెకన్లను జిఫీల్లోకి మారిస్తే ఒకటి అవుతుంది. "ఒకటి దాటిందా" అని అడిగితే రెండో టిక్కు పడేదాకా కాదంటుంది. గజంబద్దతో వెంట్రుక మందం కొలిచినట్టయింది. ఇంకా సన్నగా సమయం చెప్పే కేటైమ్_గెట్‌కు మార్చి, 32 బకెట్లకొకసారి సమయం చూసేలా పెట్టా. ఇప్పుడు విడత 2.1 దగ్గర ఆగుతోంది.

రాత్రి పింగ్‌లో మెట్లు లేవు. అక్కడక్కడా 2 మిల్లీసెకన్లు, అంతే. కుర్రాళ్లు ఇద్దరు వచ్చి "సెట్ అయిందన్నా" అన్నారు. మనసుకు చాలా హాయిగా అనిపించింది.

తొమ్మిదో రోజు

హాయి ఒక్క రాత్రే. పొద్దున ఎంట్రీల సంఖ్య చూస్తే తెల్లవారుజామున కూడా తగ్గలేదు. సాయంత్రం ఏడుకే 1,40,000. ఎనిమిదిన్నరకు 1,80,000. నేను పెట్టుకున్న పరిమితి 2,00,000. అది దాటితే కొత్త కనెక్షన్లను లెక్క పట్టించుకోదు. ప్యాకెట్ వెళ్తుంది కానీ ఖాతాలో పడదు. తొమ్మిది కొట్టకముందే దాటింది.

పనిని ముక్కలు చేశాను కానీ విడతకూ విడతకూ మధ్య ఎడం మార్చలేదు. పాత 30 సెకన్లే ఉంది. మొత్తం పని 38 మిల్లీసెకన్లది, విడతకు రెండు చొప్పున 19 విడతలు. 19 ముప్పైలు 570 సెకన్లు. టేబుల్‌ను ఒక చుట్టు చుట్టడానికి తొమ్మిదిన్నర నిమిషాలు. ఐదు నిమిషాలకు పోవాల్సిన ఎంట్రీ పద్నాలుగు నిమిషాలు బతుకుతోంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఎంట్రీలు పెరిగేకొద్దీ చుట్టుకు పట్టే విడతలు పెరుగుతాయి, విడతలు పెరిగేకొద్దీ చుట్టు ఆలస్యమవుతుంది, చుట్టు ఆలస్యమైతే ఎంట్రీలు ఇంకా పెరుగుతాయి. కాలవ పూడిక తీయడం ఆలస్యమైతే నీళ్లు నిలిచి ఇంకా మట్టి పేరుకున్నట్టు.

జీసీ_వర్కర్‌లో ఈ సంగతి కళ్లముందే ఉంది. చుట్టు పూర్తికాకుండా బయటికొస్తే అది ఎడం లేకుండా వెంటనే మళ్లీ క్యూలో చేరుతుంది. చుట్టు పూర్తయ్యాకే విశ్రాంతి. నిన్న ఆ వరుస చదివి కూడా దాని బరువు గుర్తించలేదు. నేను సగంలో ఆగితే 20 మిల్లీసెకన్ల ఎడం, చుట్టు పూర్తయితే 30 సెకన్లు పెట్టుకున్నా. అరసెకను లోపే చుట్టు ముగుస్తోంది.

ఇంకొకటి కూడా కాన్‌ట్రాక్ నుంచే నేర్చుకున్నా. గడువు తీరిన ఎంట్రీని ఊడ్చేవాడు వచ్చేదాకా బతికున్నట్టు చూడకూడదు. వెతికేటప్పుడు కంటపడితే అక్కడికక్కడే చచ్చిందని తేల్చాలి. అప్పుడు ఊడ్చే పని కొంత ఆలస్యమైనా లెక్క తప్పదు, మెమరీ ఒకటే కాసేపు ఎక్కువ పడుతుంది. నా హుక్‌లో ఆ పరీక్ష చేర్చా. నా దృష్టిలో ఈ వారం చేసిన మార్పుల్లో ఇదే అన్నిటికన్నా విలువైనది. బ్యాక్‌గ్రౌండ్ పని ఎప్పుడు వచ్చినా ఫర్వాలేదు అనే స్థితికి కోడ్‌ను తెచ్చాకే, దాన్ని ఎప్పుడు నడపాలన్నది ధైర్యంగా నిర్ణయించుకోగలం.

పన్నెండో రోజు

ఒకటే లాక్‌ను 1,024 లాక్‌లు చేశా. బకెట్ నంబరు చివరి పది బిట్లు ఏ లాకో చెబుతాయి. కాన్‌ట్రాక్‌లో కూడా 1,024 లాక్‌లే. ఊడ్చే పని ఒక బకెట్‌కు లాక్ తీసుకుని, తుడిచి, వదిలి, కాండ్_రీషెడ్ చేసి పక్క బకెట్‌కు పోతుంది. ఈసారి కాండ్_రీషెడ్ లాక్ బయట ఉంది కాబట్టి కర్నెల్ ఏమీ అనలేదు.

స్పిన్_అన్‌లాక్_బీహెచ్ లోపల ఏం జరుగుతుందో చూస్తే ముచ్చటేసింది. అది లాక్ వదిలేసి ఊరుకోదు. ఈలోపు ఏదైనా సాఫ్ట్ ఐఆర్‌క్యూ కాచుకుని ఉందా అని చూసి, ఉంటే అక్కడే నడిపించేస్తుంది. అంటే బకెట్ బకెట్‌కూ ప్యాకెట్లకు ఒక దారి తెరుచుకుంటోంది. ఎనిమిదో రోజు దాకా 65,536 బకెట్లకు కలిపి ఒకటే దారి ఉండేది.

పది వేల పింగ్‌లలో అన్నిటికన్నా ఎక్కువ 0.9.

పద్నాలుగో రోజు

ఇవాళ రాత్రి రౌటర్‌ను నిలబెట్టేశా. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

లెక్క ఒక చుట్టు పూర్తయ్యాక ఏ ఇంటర్‌ఫేస్ మీద ఎంత పోయిందో కూడా కూడుతుంది. దానికి ఇంటర్‌ఫేస్‌ల జాబితా కావాలి, జాబితా కదలకుండా ఉండాలి కాబట్టి ఊడ్చే పని చివర్లో ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ తీసుకుంటుంది. నెట్‌వర్క్ ఏర్పాట్లు మార్చే పనులన్నిటికీ కలిపి కర్నెల్‌లో ఉన్న పెద్ద మ్యూటెక్స్ (నిద్రపోతూ కాచుకునే తాళం) అది. ఇంకోవైపు, ఏదైనా ఇంటర్‌ఫేస్ మాయమైతే కర్నెల్ నా నోటిఫయర్‌ను (ఆ కబురు అందుకునే ఫంక్షన్‌ను) పిలుస్తుంది. అక్కడ నేను క్యాన్సిల్_డిలేడ్_వర్క్_సింక్‌తో ఊడ్చే పనిని ఆపి, అది పూర్తిగా ముగిసేదాకా కాచుకుంటా. మాయమైన ఇంటర్‌ఫేస్‌ను ఆ పని ముట్టుకోకూడదని ఆ జాగ్రత్త.

పదకొండింటికి టెస్ట్ కోసం పెట్టిన యూఎస్‌బీ ఈథర్‌నెట్ ముక్కను రౌటర్ నుంచి లాగా. ఆ క్షణంలోనే చుట్టు ముగిసింది. ఇంటర్‌ఫేస్ తీసేసే దారి ఆర్‌టీఎన్‌ఎల్ పట్టుకుని నా పని ముగియాలని కాచుకుంది. నా పని ఆర్‌టీఎన్‌ఎల్ దొరకాలని కాచుకుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు, ఇక కదలిక లేదు.

విచిత్రంగా నెట్ ఆగలేదు. నడుస్తున్న వీడియోలు నడుస్తూనే ఉన్నాయి. ప్యాకెట్లు పోవడానికి ఆర్‌టీఎన్‌ఎల్ అక్కర్లేదు. కానీ ఐపీ కమాండ్ ఏది కొట్టినా జవాబు లేదు, కంట్రోల్-సీ కొట్టినా లేవదు. పీఎస్ కమాండ్‌లో చూస్తే డీ స్టేట్, అంటే లేపినా లేవని నిద్ర. రెండు నిమిషాలకు డీమెసేజ్‌లో "120 సెకన్లకు పైగా బ్లాక్ అయింది" అని పడింది. ఒకటి కాదు, వరుసగా నాలుగు పనులు. రీబూట్ కొడితే అది కూడా అక్కడే నిలబడిపోయింది. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. పై నుంచి బావ "ఏమైందప్పా, మొత్తం పోయినాది" అంటూ మెట్లు దిగి వచ్చాడు. పిల్లలకు మర్నాడు ఇంటర్నల్ పరీక్ష. ఐదు నిమిషాలే పోయినా నాకు చాలా బాధేసింది.

ఇంటికొచ్చి, వర్చువల్ మెషిన్‌లో లాక్‌డెప్ (లాక్‌ల చిక్కులు ముందే పట్టే కర్నెల్ పరీక్ష) ఆన్ చేసిన కర్నెల్ మీద అదే మాడ్యూల్ పెట్టా. నిజంగా ఇరుక్కోకముందే, ఇంటర్‌ఫేస్‌ను ఒక్కసారి తీసేయగానే, "పాజిబుల్ సర్క్యులర్ లాకింగ్ డిపెండెన్సీ" అని చెప్పింది. వర్క్ పేరు, ఆర్‌టీఎన్‌ఎల్ పేరు రెండూ రాసింది. వర్క్ కోసం కాచుకోవడాన్ని కూడా ఒక లాక్‌గానే చూస్తుంది అది. ఈ పరీక్ష హాస్టల్‌కు తీసుకెళ్లకముందే చేయాల్సింది. ఇకమీదట లాక్‌డెప్ దాటని మార్పు ఆ మెట్ల కింద గదిలోకి పోదు.

పదిహేనో రోజు

రెండు దారులు కనపడ్డాయి. ఒకటి, ఆర్‌టీఎన్‌ఎల్‌ను ట్రైలాక్‌తో అడగడం, దొరక్కపోతే పట్టుబట్టకుండా పనిని తిరిగి క్యూలో వేసుకోవడం. కర్నెల్‌లో చాలా డ్రైవర్లు ఇట్లే చేస్తాయి. రెండోది, అసలు ఆర్‌టీఎన్‌ఎల్ జోలికే పోకుండా ఆర్‌సీయూ (లాక్ లేకుండా చదవనిచ్చే పద్ధతి) కింద జాబితా చదవడం. నాకు కావాల్సింది పేర్లు, అంకెలు చదవడమే, ఏదీ మార్చడం లేదు. రెండోదే తీసుకున్నా. ట్రైలాక్ తప్పు కాదు, కానీ అక్కర్లేని లాక్‌ను మర్యాదగా అడగడం కన్నా అడగకపోవడం మేలనిపించింది.

నోటిఫయర్ నుంచి క్యాన్సిల్ కూడా తీసేశా. అక్కడ ఇంటర్‌ఫేస్ ఎంట్రీ మీద గుర్తు పెట్టి వచ్చేయడమే. పనిని పూర్తిగా ఆపి కాచుకోవడం ఇప్పుడు ఒక్క చోటే ఉంది, మాడ్యూల్ బయటికి పోయేటప్పుడు. అక్కడ చేతిలో ఏ లాకూ ఉండదు. తనను తాను మళ్లీ క్యూలో వేసుకునే పనిని కూడా క్యాన్సిల్_సింక్ సరిగానే ఆపుతుంది. అయినా జీసీ_వర్కర్‌లో ఉన్నట్టే "వెళ్లిపోతున్నాం" అనే జెండా ఒకటి పెట్టా, బకెట్ బకెట్‌కూ చూసుకునేలా.

వర్చువల్ మెషిన్‌లో ఇంటర్‌ఫేస్‌ను పెట్టడం, తీయడం రాత్రంతా లూప్‌లో వేసి పడుకున్నా. పొద్దున లాగ్ శుభ్రంగా ఉంది.

పదిహేడో రోజు

హాస్టల్‌లో కొత్త మాడ్యూల్ రెండు రోజులుగా నడుస్తోంది. చివరిగా రెండు సర్దుబాట్లు చేశా.

వర్క్‌క్యూను సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనపడే చోట) కనపడేలా పెట్టి, దాని సీపీయూమాస్క్‌ను (ఏ కోర్ల మీద నడవొచ్చో చెప్పే జాబితాను) నాలుగో కోర్‌కే పరిమితం చేశా. కార్డు ఇంటరప్ట్‌లు మొదటి మూడు కోర్లకు పంచి ఉన్నాయి. అన్‌బౌండ్‌కు మారడం వల్ల దక్కిన నిజమైన లాభం ఇది, నాలుగో రోజు నేను అనుకున్నది కాదు.

రెండోది ఎడం. అరసెకనులో గబగబా చుట్టి 30 సెకన్లు ఊరికే కూర్చోవడం నచ్చలేదు. పోయిన చుట్టుకు ఎన్ని విడతలు పట్టాయో గుర్తుపెట్టుకుని, 30 సెకన్లను అన్ని భాగాలు చేసి విడతకొకటి పంచుతున్నా. 19 విడతలైతే ఒకటిన్నర సెకనుకొకసారి రెండు మిల్లీసెకన్ల పని. రద్దీ పెరిగి 40 విడతలైతే ముప్పావు సెకనుకొకసారి. తొమ్మిదో రోజు పూడిక ఇక్కడ పేరుకోదు, విడతలు పెరిగితే ఎడం దానంతటదే తగ్గుతుంది.

రాత్రి తొమ్మిదింబావుకు ఎంట్రీలు 88,000. పది మిల్లీసెకన్ల పింగ్ గంటసేపు పెట్టా, ఎక్కువలో ఎక్కువ 0.8. మొదటి రోజు "నిజంగా ఆగుతాంది" అన్న కుర్రాడు ఆటలో ఉన్నాడు, నేను వెనక నిలబడ్డా చూడలేదు. గది లెక్కల కాగితం బావకు ఇచ్చా. పన్నెండో నంబరు గదివాళ్లు ఇంత వాడతారా అని ఆశ్చర్యపోయాడు.

వచ్చే వారం వర్చువల్ మెషిన్‌లో నాలుగు లక్షల నకిలీ కనెక్షన్లు పుట్టించి చూడాలి. పరిమితి దాటినప్పుడు కొత్తవాటిని వదిలేయడం కాకుండా, పాతవాటిలో ముందు ఏవి తీయాలన్నది ఇంకా రాయలేదు. థ్రెడెడ్ నాపీ (ప్యాకెట్లు తీసుకునే పనిని సాఫ్ట్ ఐఆర్‌క్యూలో కాకుండా థ్రెడ్‌లో నడిపే పద్ధతి) కూడా ఒక రాత్రి ఆన్ చేసి పోల్చి చూడాలని ఉంది.

ట్రేస్ ఆన్‌లో ఉంచి బయల్దేరుతున్నా. గుడ్డ ఇప్పుడు 41,216వ బకెట్ మీద ఉంది.